ఒరలో కత్తి, పెట్టెలో పత్రం

యోగక్షేమమనే మాటను మనం ఉత్తరాల మొదట వ్రాసి వ్రాసి అరగదీసినాము. ఆ మాటను విప్పి చూస్తే రెండు వేర్వేరు శ్రమలు కనిపిస్తాయి. లేనిదానిని సంపాదించుకొనటం యోగం. సంపాదించినదానిని చేజారనీయక కాపాడుకొనటం క్షేమం. 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థ భగవద్గీతలోని ఆ మాటనే ఏరి తన ముద్రలో నిలుపుకొన్నది. పాత ఆయుధాలు, పతకాలు, నాణేలు కూడబెట్టే మన మిత్రులను చూచినప్పుడల్లా వారికి యోగం తెలిసినంతగా క్షేమం తెలియదని నాకు అనిపిస్తుంది. ఎక్కడో ఒక పాత పిడిబాకు ఉన్నదని చెవినిబడితే రాజమహేంద్రవరం నుండి ఆదోని దాకా రైలెక్కుతారు. భార్యకు చెప్పిన వెల ఒకటి, ఇచ్చిన వెల మరొకటి. తెచ్చినదానిని గోడకు తగిలించి, వచ్చినవారికెల్లా చూపించి మురిసిపోతారు. ఆ గోడ చెమ్మగిల్లుతున్నదా, ఆ కిటికీకి గడియ ఉన్నదా అన్న విచారం మాత్రం వారి దరికి రాదు.

బీమా అనే మాట పారశీకం నుండి వచ్చినది. 'బీమ్' అంటే ఆ భాషలో భయం. సంస్కృతంలోని 'భీ' ధాతువుకు అది దాయాది. మన పిల్లలు పరీక్షలలో 'భీమా' అని ఒత్తుపెట్టి వ్రాస్తే తప్పుదిద్దుతూనే ఉంటాను గాని, ధాతువును బట్టి చూస్తే వారు మరీ దారి తప్పినవారు కారు. చూచినవారికి భయం పుట్టించేవాడు గనుకనే ఆయన భీముడైనాడు. భయం నుండి పుట్టిన పత్రం గనుకనే ఇది బీమా అయినది. అయితే ఈ భయం తెలివిగల భయం. ఆపద వచ్చునేమో అని వణకటం వేరు, వస్తే ఏమి చేయవలెనో ముందుగా కాగితం మీద పెట్టుకొనటం వేరు.

మన నేలకు ఆయుధాలతో ఉన్న బాంధవ్యం చిన్నది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో కరగిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చి కాచుకొని కూర్చునేవారు. దమాస్కసు కత్తులని లోకం కొనియాడిన వాటికి ముడిసరకు ఇటువంటి తెలంగాణ పల్లెల మూసలలో తయారైనదే. 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధం మన బుర్రకథలలో ఇంకా మోగుతూనే ఉన్నది. ఇక పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దాపున ఉన్న మాధవరానికి మిలిటరీ మాధవరమనే పేరు స్థిరపడినది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుండి ఆ ఊరి ఇండ్లనుండి సైన్యానికి వెళ్ళనివారు అరుదు. ఇటువంటి ఊళ్ళలో అటక మీది రేకు పెట్టె తెరిస్తే తాత సంపాదించిన పతకమో, తోలు బెల్టో, యుద్ధరంగం నుండి వచ్చిన కార్డు ముక్కో దొరకటం వింత కాదు. సేకరణ అనగానే సాలార్‌జంగును తలచుకొని, అది నవాబుల పని అనుకొనరాదు. ఆ రేకు పెట్టె కూడ ఒక సేకరణే.

సాలార్‌జంగు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పుకొనవలెను. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో సంతానం లేకుండ మరణించినాడు. ఎక్కువగా ఆయన చేతిమీదుగా పోగుపడిన వస్తువులు 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రదర్శనశాలగా తెరవబడినవి, 1968లో ఇప్పటి భవనానికి తరలినవి. ఒక వ్యక్తి సేకరణ ప్రభుత్వపు అండ చేరి బ్రతికిపోయిన ఉదాహరణ అది. ఆ అదృష్టం వేలలో ఒకరికి. మిగిలినవారికి తమ గోడా, తమ తాళమూ, తమ పత్రమూ తప్ప వేరే దిక్కు లేదు.

విజయవాడలో నాకొక మిత్రుడున్నాడు. చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకొంటున్న ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన తండ్రి రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా సరిహద్దున పనిచేసినవాడు. తండ్రి పతకాలు, అక్కడి నుండి ఇంటికి వ్రాసిన ఉత్తరాలు, తాను నలభై ఏండ్లుగా కూర్చిన నాణేలు, సైనిక టోపీ బిళ్ళలు ఆయన ఆస్తి. ఇంటికి బీమా ఉన్నది. కొనవలసిన అప్పు కోసం బ్యాంకువారు తీయించినది కాదు, తానే ప్రతి ఏడూ కట్టుకొంటూ వచ్చినది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు ఆయన ఇంటి కింది అంతస్తు నీటిలో మునిగినది. నీరు తీసిన తరువాత చూస్తే ఉత్తరాలు గుజ్జయినవి. పతకాల పట్టీలు కుళ్ళినవి. నాణేల పెట్టె కనిపించలేదు. నీరు పట్టుకుపోయినదో, చేయి పట్టుకుపోయినదో చెప్పగలవారు లేరు.

సర్వేయరుగా వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే. "మాస్టారూ, మంచాలూ బీరువాలూ ఫ్రిజ్జూ నేను వ్రాసుకొన్నాను. వీటికి లిస్టు ఏమైనా ఉన్నదా అండీ? కొన్న రసీదులు?" అని అడిగినాడు. మిత్రుడు, "నాయనా, మా నాన్న ఉత్తరానికి రసీదు ఎవరిస్తారు?" అన్నాడట. ఆ మాటకు ఆ కుర్రవాడు తల వంచుకొన్నాడు గాని, కాగితం మీద మాత్రం ఏమీ వ్రాయలేకపోయినాడు. కొన్ని వారాల తరువాత మంచాలకు, బీరువాలకు డబ్బు వచ్చినది. బీరువాలో ఉన్నదానికి రాలేదు.

కంపెనీ మోసం చేసినదని ఆయన చాలాకాలం నలుగురితో అన్నాడు. పత్రం తెప్పించి ఇద్దరమూ కూర్చుండి చదివినాము. మోసం లేదు. ఉన్నదంతా అక్షరాలా వ్రాసియే ఉన్నది. చదవనిది మేమే, అనగా పాలసీదారులమైన మనమందరమూ. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన 'భారత్ గృహ రక్ష' అనే గృహబీమా మంచి ఏర్పాటే. నిప్పు, వరద, తుఫాను, భూకంపం వంటివన్నీ అందులో చేరినవి. ఇంటికీ సామానుకూ కలిపి తీసుకొంటే, కట్టడపు బీమా మొత్తంలో నూటికి 20 వంతున, 10 లక్షల రూపాయల పరిమితికి లోబడి, సామానుకు రక్ష తనంతతానే వస్తుంది. కాని ఆ 'సామాను' అన్న మాటలో పడక కుర్చీ ఇమిడినట్లు పాత కత్తి ఇమడదు. నగలు, వెండి సామాను, చిత్రపటాలు, పురాతన వస్తువులు, క్యూరియోలు అన్నవి 'విలువైన వస్తువులు' అనే వేరే పంక్తిలో కూర్చుంటాయి. వాటికి విడిగా కోరి, విడిగా ప్రీమియం కట్టి రక్ష తీసుకొనవలెను. ఇక వ్రాతప్రతులు, దస్తావేజులు, నాణేలు, కాగితపు డబ్బు, ప్రేలుడు పదార్థాలు అన్నవి పత్రంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప అసలు లెక్కలోకే రావు. మా మిత్రుని నాణేలు, ఉత్తరాలు ఆ వాక్యంలోనే మునిగిపోయినవి, బుడమేటిలో కాదు.

ఆ పత్రంలోనే మరొక మెలిక ఉన్నది. దొంగతనం అన్న మాట చూచి మనవారు సంతోషిస్తారు. వరదో నిప్పో వచ్చి, దాని కారణంగా, ఏడు రోజులలోపల జరిగిన దొంగతనానికే అది వర్తిస్తుంది. మామూలు రాత్రివేళ గోడదూకి వచ్చిన దొంగకు అది వర్తించదు. వానికోసం చోరబీమా వేరే ఉన్నది. అందులోనైనా, దొంగ బలప్రయోగంతో, అంటే తాళం పగులగొట్టియో, కిటికీ వంచియో, చొరబడి ఉండవలెను. ఈ అర్థాన్నే 2004లో సుప్రీంకోర్టు ఖాయపరచినది. తలుపు తెరిచి ఉండగా లోపలికి వచ్చి, మీ మర్యాదకు మెచ్చి, కాఫీ త్రాగి, పోతూపోతూ ఒక చిన్న కఠారిని సంచిలో వేసుకొన్న పెద్దమనిషి ఈ నిర్వచనానికి అందడు. ఇంటిలోనివారి ప్రమేయముంటే సాధారణంగా పరిహారం రాదు. సేకరణకారుల ఇండ్లలో పోయేవి ఎక్కువగా ఈ తెరిచిన తలుపుల గుండానే పోతాయని నా అనుమానం. గోడదూకే దొంగకు 1757 నాటి కత్తికీ కొబ్బరిబొండాల కత్తికీ భేదం తెలియదు గదా.

కొందరికి తెలుస్తుంది. 2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో రత్నాలు పొదిగిన బంగారు టిఫిను డబ్బా, కప్పు, సాసరు, చెంచా మాయమైనవి. దొంగలు వెంటిలేటరు గుండా దిగినారు. పోలీసులు పది రోజులలోగానే పట్టుకొన్నారు గాని, ఆ మధ్యకాలంలో అది కరిగి బంగారు ముద్ద కాకుండా మిగిలినది మన భాగ్యం. 2007 డిసెంబరు 2న న్యూజీలాండులోని వైయూరు సైనిక మ్యూజియంలో 96 పతకాలు పోయినవి. వానిలో విక్టోరియా క్రాసులే తొమ్మిది. మూడు లక్షల న్యూజీలాండు డాలర్ల బహుమానం ప్రకటించగా 2008 ఫిబ్రవరిలో దొరికినవి. విక్టోరియా క్రాసు వెనుక దానిని పొందినవాని పేరు, సాహసం చేసిన తేదీ చెక్కి ఉంటాయి. పేరు చెక్కిన వస్తువును సంతలో అమ్మటం కష్టం. దొంగకు అది కరగని బంగారం వంటిది.

ఇంతకూ అసలు చిక్కు వెల దగ్గర వస్తుంది. కుర్చీ పోతే కుర్చీ వెల అంగడిలో తెలుస్తుంది. కత్తికి? 1799 మే 4న శ్రీరంగపట్టణం కూలిన తరువాత టిప్పు సుల్తాను పడకగదిలో దొరికిన కత్తిని ఆంగ్ల సేనాని డేవిడ్ బెయిర్డుకు ఇచ్చినారు. ఆ కత్తి 2023 మే నెలలో లండనులో బోన్‌హామ్స్ వేలానికి వచ్చినది. వేలంవారే వేసిన అంచనా 15 నుండి 20 లక్షల పౌనులు. పాడినది ఒక కోటి 40 లక్షల పౌనులకు పైగా. వెలకట్టటమే వృత్తిగా గలవారి అంచనాకు ఏడురెట్లు! ఒక వేళ ఆ కత్తి వేలానికి ముందు వారం పోయి ఉంటే, దాని యజమానికి ఏ మొత్తం న్యాయం?

ఈ చిక్కును ఓడల బీమావారు ఏనాడో విప్పుకొన్నారు. ఓడ సముద్రం మధ్య మునిగిన తరువాత దాని వెల గురించి తగవులాడటం కంటె, రేవు విడువకముందే ఇరుపక్షాలూ ఒక వెలకు ఒప్పుకొని పత్రంలో వ్రాసుకొనటం మేలని కనుగొన్నారు. ఇదే 'ఒప్పుకొన్న విలువ' పద్ధతి. పాత వస్తువులకు తగినది ఇదే. పైన చెప్పిన గృహబీమాలోని విలువైన వస్తువుల రక్ష కూడ ఈ పద్ధతిపైననే నడుస్తుంది. వెలకట్టే నిపుణుని ధ్రువపత్రం అడుగుతారు. మొత్తం 5 లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్షకు మించకుండ ఉంటే ఆ పత్రం కూడ అక్కరలేదు. మధ్యతరగతి సేకరణకారులలో చాలామంది ఈ పరిమితిలోనే ఉంటారు. ఆ సంగతి తెలిసినవారు మాత్రం కొద్దిమంది.

ఒప్పుకొన్న విలువ లేని చోట, ప్రీమియం తగ్గుతుందని విలువ తగ్గించి చెప్పే తెలివితేటలు ఎట్లా బెడిసికొడతాయో లెక్క చూడండి. సేకరణ విలువ 10 లక్షలు. బీమా చేసినది 6 లక్షలకు. దొంగలు 2 లక్షల విలువైన వస్తువులు పట్టుకుపోయినారు. బీమా 6 లక్షలున్నది గదా, 2 లక్షలూ వస్తాయని మనవాడు ధీమాగా ఉంటాడు. వచ్చేది 1,20,000. పదింట ఆరు వంతులకే ప్రీమియం కట్టినావు గనుక నష్టంలోనూ పదింట ఆరు వంతులే మావి అని కంపెనీ అంటుంది. అది వారి దౌర్జన్యం కాదు, త్రాసు. ఇక టిప్పు కత్తి వార్త పత్రికలో చూచి తన ఇంటి కత్తికి కోటి రూపాయలు వ్రాయించేవాడు మరొకరకం. ఒప్పుదల లేని చోట అతడు కట్టిన అధిక ప్రీమియం ఏటిలో పోసినట్టే. నష్టాన్ని పూడ్చటమే బీమా పని, నష్టం మీద లాభం చూపటం కాదు.

లండను వెలలు మనకు వర్తించకపోవటానికి మరొక కారణం మన చట్టమే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు నిండిన వస్తువు, శాస్త్ర సాహిత్యాది విలువ గలిగి డెబ్బదియైదేండ్లు నిండిన వ్రాతప్రతి, పురావస్తువులు. వాటిని సొంతదారు దేశం దాటించి అమ్మరాదు. బయటి సంతకు పోలేని వస్తువుకు బయటి సంత వెల కట్టటం అర్థంలేని పని. నిపుణుడు మన దేశంలోని వేలాలను చూచి వెలకట్టినాడా లేదా అని అడగవలసిన బాధ్యత యజమానిదే. అట్లే ఆయుధ చట్టం. 1959 నాటి ఆ చట్టం, ప్రేల్చటానికి వీలుకాని, బాగుచేసినా వీలుకాని పాతకాలపు తుపాకిని తన పరిధి నుండి విడిచిపెట్టినది. కాని తాతగారి తుపాకి ఇంకా ప్రేలుతుందా లేదా అన్నది మన ఊహతో తేల్చుకొనే విషయం కాదు. లైసెన్సు ఉండవలసిన ఆయుధం లైసెన్సు లేకుండా ఇంటిలో ఉంటే, దానిమీద చేసిన బీమా చట్టం ముందు నిలిచేది కాదు. పాత గ్రెనేడు డొల్లలు, గుండ్లు తెచ్చి బల్లమీద కాగితాల బరువుకు పెట్టుకొనేవారినీ చూచినాను. వారికి బీమా సంగతి తరువాత, ముందు అది డొల్లయేనా అని తేల్చుకొనమని మనవి.

చెదలు, చిమ్మట, తుప్పు, నెమ్ము — ఈ నలుగురు దొంగలకు ఏ పత్రమూ జవాబుదారీ వహించదు. ఇవి ఆకస్మికాలు కావు, వస్తువు స్వభావంలోనే ఉన్న క్షయం అని బీమావారి సిద్ధాంతం. మన కోస్తా గాలికి ఉక్కు ఎంత వేగంగా తుప్పుపడుతుందో చెప్పనక్కరలేదు. అంతకంటె ఘోరం శుభ్రం చేయటం. కోనసముద్రపు జాతి ఉక్కుమీద నీటి అలలవంటి చారలుంటాయి. కత్తి తళతళలాడవలెనని గరుకు కాగితంతో రుద్దిస్తే ఆ చారలు పోతాయి, చారలతోబాటు వెలా పోతుంది. శుభ్రపరచటంలో, బాగుచేయటంలో కలిగిన నష్టాన్ని చాలా పత్రాలు తోసిపుచ్చుతాయి. మెరిసే కత్తిని చూచి మెచ్చుకొనే బంధువులకంటె మాసిన కత్తిని చూచి ఆగిపోయే నిపుణుడే సేకరణకారునికి ఆప్తుడు.

జంటలు, వరుసలు మరొక తలనొప్పి. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవారికి బ్రిటిషు ప్రభుత్వం సాధారణంగా ఒక తార, ఒక యుద్ధపతకం, ఒక విజయపతకం ఇచ్చినది. అప్పటి పత్రికా వ్యంగ్యచిత్రాలలోని పాత్రల పేర్లతో ఈ మూటిని 'పిప్, స్క్వీక్, విల్‌ఫ్రెడ్' అని సైనికులు ముద్దుగా పిలుచుకొన్నారు. వాటిమీద సైనికుని సంఖ్య, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఒకే పేరున్న మూడూ కలిసి ఉంటేనే విలువ. ఒకటి పోతే, పోయినదాని వంతే ఇస్తాము, మిగిలిన రెంటి విలువ తగ్గినందుకు ఇవ్వము అని పత్రంలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది. అడిగితే కొందరు దానిని మార్చి వ్రాస్తారు. చిత్రమేమంటే ఆ యుద్ధపతకం సైనికులకు వెండిది, కూలిదళాలవారికి కంచుది ఇచ్చినారు. కంచువి తక్కువ గనుక నేడు సేకరణకారులు వెతికేది కంచుదానినే. కంచేగదా అని దానిని పాత సామానువానికి వేసిన ఇండ్లు మన జిల్లాలలో ఎన్ని ఉన్నవో!

కాబట్టి జాబితా ముఖ్యం. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య, కొలత, బరువు, ముందు వెనుకల ఛాయాచిత్రాలు, అంచున చెక్కిన అక్షరాలు, పిడిమీది మచ్చ, ఎవరి చేతినుండి ఎప్పుడు వచ్చినది అన్న నాలుగు పంక్తులు. రసీదు లేకపోతే ఇచ్చినవారి చేత ఒక చీటీ. ఇది రెండు ప్రతులుగా ఉండి, ఒకటి వేరే ఊరిలో ఉండవలెను. జాబితా కూడ అదే బీరువాలో ఉంటే అదే నీటిలో నానుతుంది. మరొక మాట. తాతగారి కత్తి పెద్దన్నగారి ఇంటిలో ఉన్నంతమాత్రాన అది పెద్దన్నగారిది కాదు. పంపకం కాని ఉమ్మడి వస్తువైతే అన్నదమ్ములందరి పేర్లూ పత్రంలో ఎక్కించుకొనటం మంచిది. కత్తి ఉన్నన్నాళ్ళు దాని ముఖం చూడని తమ్ముళ్ళు, దానికి డబ్బు వచ్చిన రోజున తప్పక చూస్తారు.

జాబితా, చెక్కిన పేరు ఎంత దూరం పనిచేస్తాయో చెప్పటానికి నాయక్ కృపారాం పతకం కంటె మంచి ఉదాహరణ లేదు. 1945 సెప్టెంబరు 12న, మన హిందూపురానికి దాపున కన్నడదేశంలో ఉన్న తొండేభావి వద్ద, శిక్షణలో గురితప్పిన గ్రెనేడు వైపు దూకి తన దళాన్ని కాపాడి ఆయన ప్రాణం విడిచినాడు. మరణానంతరం జార్జి క్రాసు ఇచ్చినారు. హిమాచలప్రదేశంలోని ఆయన వితంతువు ఇంటి నుండి 2002లో ఆ పతకం దొంగిలింపబడినది. 2009లో అది లండనులో వేలానికి తేలినది. ఎవరిదో తెలిసిన పతకం గనుక వేలం ఆగినది. ఏండ్ల తరబడి వ్యవహారం నడిచిన పిమ్మట పతకం ఆమెకే చేరినది.

ఆమెకు బీమా ఉన్నదా అన్న ప్రశ్న ఇక్కడ అనవసరం. మన బోటివారికి మాత్రం ఈ కథలో ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. పోయిన పతకానికి కంపెనీ పూర్తి సొమ్ము చెల్లించినదనుకొందాము. ఏడేండ్ల తరువాత పతకం దొరికితే అది ఎవరిది? సాధారణ న్యాయం ప్రకారం సొమ్ము పూర్తిగా చెల్లించిన కంపెనీదే. వారు దానిని అమ్ముకొనవచ్చును. తండ్రి పతకం దుకాణపు అద్దాలలో ఉండగా కొడుకు వీధిలో నిలబడి చూడవలసి రావచ్చును. దీనికి విరుగుడుగా, వస్తువు దొరికినప్పుడు తీసుకొన్న సొమ్ము తిరిగి ఇచ్చి దానిని తెచ్చుకొనే హక్కు యజమానికి ఉండేటట్లు ఒక నిబంధన చేర్చవచ్చును. కళాఖండాలకు ప్రత్యేకించిన పాలసీలలో ఇటువంటి నిబంధన ఉండటం కద్దు. మామూలు గృహబీమాలో అడగనిదే రాదు. మా మిత్రుడు ఈ ఏడు మిగిలిన పతకాలకు కొత్త పట్టీలు వేయించి, వాటి అంచులమీది అక్షరాలను భూతద్దంతో చదివి జాబితా వ్రాసినాడు. కంపెనీకి పెట్టిన అర్జీలో ఆయన మొదట అడిగినది ప్రీమియం ఎంత అని కాదు, ఆ నిబంధన చేరుస్తారా అని. జవాబు ఇంకా రావలసి ఉన్నది.